చప్పుడు కాకుండా కట్టిన ఓడ

మధ్యాహ్నం పూట ఆ ఇంట్లో గరిటె కింద పడకూడదు. గిన్నెలు తోమేటప్పుడు జమున కింద తడిగుడ్డ పరుచుకుంటుంది. గిన్నె మీద గిన్నె బోర్లించాల్సి వస్తే మధ్యలో తన వేలు పెట్టి, పైది ఆనుకున్నాక వేలు మెల్లగా లాగేస్తుంది. నల్లాకు పాత చీర ముక్క కట్టి ఉంటుంది, ధార ఆ గుడ్డ వెంట జారి గుట్టుగా బకెట్లోకి దిగాలని. తలుపు గొళ్లేనికి కొబ్బరినూనె రాస్తూనే ఉంటుంది. ఇవేవీ ఆమెకు ఒకరు కూర్చోబెట్టి నేర్పినవి కావు. పెళ్లయి గోదావరిఖనిలోని ఈ కంపెనీ క్వార్టర్‌కు వచ్చిన కొత్తలో అత్త సారవ్వ ఒకే ఒక మాట చెప్పింది. "నైట్ షిఫ్టు జేసొచ్చిన మొగోనికి పగలే రాత్రి పిల్లా. నిద్ర చాలకుంటె గనిల తూలుతడు. తూలినోడు మళ్ల పైకి రాడు. నీ చేతుల చప్పుడైతే నా కొడుకు పాణం మీదికొస్తది." అప్పటికి జమునకు ఇంటర్ పరీక్షలు రాసిన చేతి నొప్పి కూడా తగ్గలేదు. ఒక మనిషి ప్రాణం తన చేతిలోని గిన్నెకు కట్టేసి ఉందని విన్న పిల్ల ఇంకేం చేస్తుంది? చప్పుడు చెయ్యకుండా బతకడం నేర్చుకుంది. నడక మారింది, నవ్వు మారింది, చివరికి దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకోవడం కూడా అలవాటైపోయింది.

ఇందులో ఒక వింత ఉంది. రోజూ మధ్యాహ్నం ఊరి పక్కనున్న ఆరుబయలు బొగ్గు గని, ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరుగుతుంది. కిటికీ అద్దాలు దడదడలాడతాయి, గూట్లో దేవుడి పటం పక్కకు ఒరుగుతుంది, పప్పు గిన్నె మీద మూత దానంతటదే గజ్జెకట్టి ఆడుతుంది. మొగుడు రఘుపతి కదలడు. గురక కూడా తెగదు. ఆ తర్వాత వంటింట్లో ఒక్క చెంచా జారితే మాత్రం లోపలి గదిలోంచి, "ఏందే ఆ చప్పుడు?" అని అరుపు వస్తుంది. భూమి అదిరినా లేవని మనిషి చెంచాకు ఎట్లా లేస్తాడబ్బా అని మొదట్లో జమున ఆశ్చర్యపోయేది. రానురాను అర్థమైంది. పేలుడు కంపెనీది, చెంచా పెళ్లానిది. అప్పటి నుంచి కొబ్బరికాయ కొట్టడం, అల్లం దంచడం, మిక్సీ తిప్పడం వంటి పనులన్నీ ఆ పేలుడు చాటునే కానిచ్చేది. ఇల్లంతా వణికే ఆ కాసేపే ఆమె చప్పుడు చేసుకునే వేళ.

రఘుపతిది గని లోపల పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. తనకు నిద్ర ఉన్నట్టే ఇంట్లో మిగతావాళ్లకూ ఏదో ఒకటి ఉంటుందన్న ఊహ మాత్రం ఎప్పుడూ రాలేదు. పోయిన ఏడాది గనిలో తడి వాలు మీద జారి కాలు విరిగింది. దవాఖానలో కట్టు కట్టి, కదలొద్దని ఇంటికి పంపారు. కదలని మగవాడు ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో ఆ క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లందరికీ తెలుసు. నీళ్లు, చాయ్, దిండు, రిమోట్, ఫ్యాను తగ్గించు, ఫ్యాను పెంచు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు దీప తండ్రి విసుగంతా ఫోన్లో విని ఒక పెద్ద డబ్బా పంపింది. చెక్కతో తెరచాప ఓడ తయారు చేసుకునే సామాను అది.

"డాడీకి పొద్దువోవాలె గదమ్మా" అంది దీప.

"మరి నాకు?" అని జమున నవ్వుతూనే అడిగింది.

"నీకు టైమెక్కడుంటదమ్మా!"

ప్రేమగానే అంది పిల్ల. అన్నది నిజం కూడా. అయినా ఆ మాట జమున అరచేతిలో చిన్న ముల్లులా ఉండిపోయింది. కూతురు కూడా తనను చూసేది వంటింటి తలుపులోంచేనని ఆ రోజు తెలిసింది.

డబ్బా మీద బొమ్మ చూస్తే కళ్లు తిరుగుతాయి. మూడు స్తంభాలు, గాలికి పొట్టలు ఉబ్బిన తెల్లటి చాపలు, సాలెగూడులా అల్లుకున్న తాళ్లు. మూత తీస్తే లోపల ఓడ లేదు. పలుచటి చెక్క పలకలు, చీపురు పుల్లల్లాంటి బద్దల కట్ట, దారపు ఉండలు, గుడ్డ ముక్క, జీలకర్రంత ఇత్తడి మేకులు. "ఓడేదే? పొయ్యిల పుల్లలు పంపిందా నీ బిడ్డ?" అని సారవ్వ డబ్బాను బోర్లించి మరీ వెతికింది.

రఘుపతి మంచం మీదే కూర్చుని మొదలుపెట్టాడు. ముందు ఓడ వెన్నెముక, దానికి వరసగా పక్కటెముకలు. ఒక్కో ఎముకకూ వెన్ను మీద ఒక గాడి కోసి ఉంటుంది. అందులో జిగురు పూసి మెల్లగా కూర్చోబెట్టాలని కాగితంలో బొమ్మ వేసి ఉంది. రఘుపతికి ఆ బొమ్మ నచ్చలేదు. వదులుగా నిలబడ్డ కర్ర అంటే ఆయనకు ప్రాణభయం. గని కప్పు కింద కర్ర నిలబెడితే, సందులో చెక్క చీలిక దూర్చి, అది ఠంగుమనేదాకా సుత్తెతో కొట్టాలి. బతుకంతా చేసిన పని అదే. అగ్గిపుల్లలు చెక్కి చీలికలు చేశాడు, ప్రతి ఎముక పక్కనా ఒకటి దూర్చి కొట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి విన్నాడు. "బిగుతుగుంటెనే భద్రం" అన్నాడు. ఎనిమిదో ఎముకో తొమ్మిదో ఎముకో దిగుతుండగా వెన్ను వంకర తిరిగి, నడిమధ్యన పుటుక్కుమంది.

ఆయన కాసేపు దాన్ని చూశాడు. "సైనా మాలు. పొయ్యిల పెట్టుండ్రి" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాలు అతుక్కున్నాక మళ్లీ డ్యూటీకి పోయాడు. డబ్బా వెనక వరండాలో, పాత మంచం పట్టెల పక్కన పడి ఉంది.

ఒకనాటి మధ్యాహ్నం పాత సామాను తీసేద్దామని పోయిన జమున ఆ విరిగిన వెన్నును చేతిలోకి తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు. ముందు వైపు అది పైకి లేచే వంపు చూసి, దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. అంత సన్నటి చెక్కకు అంత పొగరైన వంపు ఎందుకో అనిపించింది. పిన్నీసుతో ఒక్కో అగ్గిపుల్లనూ గాడి నుంచి పీకేసింది. బిగుతు పోయేసరికి ఆ వంకరంతా దానంతటదే సర్దుకుంది. ఊపిరి బిగబట్టిన మనిషి ఊపిరి వదిలినట్టు అనిపించి జమున తన ఊపిరి కూడా వదిలింది. విరిగిన చోట జిగురు పూసి, రెండు వైపులా ఐస్‌క్రీం పుల్లలు ఆనించి, తల రిబ్బనుతో కట్టి పక్కన పెట్టింది. తెల్లారి చూస్తే అతుక్కుంది. అంత చిన్న విషయానికి గుండె అంత గట్టిగా కొట్టుకోవడం ఆమెకు సిగ్గుగా కూడా అనిపించింది.

"దాన్ని నువ్వేం జేస్తవే?" అన్నాడు రఘుపతి చూసి.

"చెయ్యొస్తదేమో చూస్త బావా."

"నీతోటి ఏమైతది! సరే, గెలుక్కో."

ఆయన పడుకున్నాక, అత్త కునికాక, అన్నం గిన్నెలు కడిగాక దొరికే ఆ కాస్త పగలు ఇక ఓడదైపోయింది. కాగితంలో ఇంగ్లీషు పదాలు సగం అర్థమయ్యేవి, సగం కావు. బొమ్మలు మాత్రం అన్నీ అర్థమయ్యేవి. ఎముకలన్నీ వరసగా నిలబడ్డ రోజు ఆమె ఓడను నేల మీద పెట్టి, తాను కూడా నేల మీద చెంప ఆనించి పడుకుని చూసింది. ఎండ ఆ ఎముకల సందుల్లోంచి పడి గచ్చు మీద ఇంకో ఓడ గీసింది. చెక్కముక్కలే కదా, నిన్న డబ్బాలో కట్టగా పడి ఉన్నవే కదా, ఇవాళ ఒక ప్రాణి ఛాతీలా ఎట్లా అయ్యాయి? తన చేతులే చేశాయి. ఈ చేతులే పొద్దున రఘుపతి బనియన్ల నుంచి బొగ్గు మసి వదలగొట్టాయి. వాటిని తిప్పి తిప్పి చూసుకుంది. తన చేతులను పనికి కాకుండా చూడడానికి చూసుకోవడం అదే మొదటిసారి.

అసలు కష్టం బద్దలతో వచ్చింది. ఎముకల మీదుగా ఒక్కో బద్దను వంచి తొడగాలి. వంచితే విరుగుతున్నాయి. ఒకరోజు రఘుపతి స్నానానికి కాగిన నీళ్లు గంగాళంలో మిగిలితే, ఏమన్నా అవుతుందేమోనని రెండు బద్దలు అందులో పడేసి పనిలో పడి మర్చిపోయింది. వచ్చి తీస్తే అవి తడి జడ రిబ్బన్లా వంగాయి. వేలి చుట్టూ చుట్టినా విరగలేదు. జమున నోటి నుంచి "అవ్వో" అన్న మాట చప్పుడు లేకుండానే వచ్చింది. వంచిన బద్ద ఆరేదాకా పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు పెట్టింది. ఇంట్లో ఉన్నవి చాలక పక్క క్వార్టర్ సర్వరీ బేగం దగ్గర అడిగి తెచ్చింది. మేకులను సుత్తెతో కొట్టే ఆలోచనే ఆమెకు రాలేదు. పక్క గదిలో మనిషి పడుకుని ఉన్నాడాయె. సర్వరీ బేగం బట్టలు కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తాన అడిగి తీసుకుని, బొటనవేలికి పెట్టుకుని, ఒక్కో మేకునూ ఊపిరంత నెమ్మదిగా ఒత్తేది. మేకు చెక్కలోకి దిగడం వేలికి తెలిసేది. ఎక్కడ మెత్తగా ఉంది, ఎక్కడ నార అడ్డం వచ్చింది, ఎక్కడ ఆగకపోతే పగులుతుంది, అన్నీ వేలే చెప్పేది.

ఒకరోజు క్లిప్పుల కోసం వచ్చిన సర్వరీ బేగం వరండా గడపలోనే నిలబడిపోయింది. ఓడ బోర్లా పడుకుని ఉంది, ఒళ్లంతా రంగురంగుల క్లిప్పులతో.

"యా అల్లా! జమునా, గిది నువ్వు జేసినవా?" అంది గొంతు తగ్గించి. ఆ లైనులో ఎవరింటికి ఎప్పుడు గొంతు తగ్గించాలో అందరికీ తెలుసు. "గోడకు గోడ ఆనుకొని ఉంట గదా, ఒక్క దినమన్న సుత్తె చప్పుడు వినలే నేను!"

"సుత్తె పెడితె ఇరుగుతది ఆపా. మెల్లగ ఒత్తాలె. దానికి తెల్వకుంటనే దిగాలె మేకు."

ఆ మాట అన్నాక జమున తన వేళ్ల వైపు చూసుకుంది. గిన్నెల మధ్య పెట్టిన వేలు ఇదే. గొళ్లేన్ని పిట్టను పట్టుకున్నట్టు పట్టుకుని దించిన చెయ్యి ఇదే. ఇన్నేళ్లుగా ఎవరి నిద్ర కోసమో తన ఒంట్లోంచి చప్పుడునంతా పిండేస్తే, అది ఎటూ పోలేదు, ఇక్కడ వేళ్ల కొసల్లో చేరి కూర్చుంది. దానికి సంతోషపడాలో ఏడవాలో ఆమెకు తేలలేదు. సర్వరీ బేగం మాత్రం ఓడ ముందు అట్లాగే కూర్చుని, దాని నున్నటి వీపు మీద చెయ్యి వేసి, "ఎంత మంచిగున్నది... ఎంత మంచిగున్నది" అని జపంలా అంటూ ఉండిపోయింది.

రఘుపతి కూడా ఆ బోర్లా ఓడను చూసి, వంగి లోపలికి తొంగి చూశాడు. "ఏందే, గిది గని లెక్కనే ఉన్నది! కప్పు మంచిగ గట్టినవ్" అన్నాడు. అది మెప్పే. జమున ఆ మెప్పును కాదనలేదు. లోపలి నుంచి చూస్తే నిజంగానే వరసగా కర్రలు, పైన వంగిన కప్పు, చివర చీకటి. ఆయన పోయాక జిగురు ఆరిందని నమ్మకం కుదిరి, క్లిప్పులన్నీ తీసి, రెండు చేతులతో ఎత్తి దాన్ని తిప్పింది. ఇందాకటిదాకా కప్పుగా ఉన్నది దోసిలి అయింది. అంతే, తిప్పడమే. ఒక్క చెక్క మార్చలేదు. జమున సముద్రం చూడలేదు. మంచిర్యాలకు బస్సులో పోతూ వంతెన మీద నుంచి చూసిన వరద గోదారే ఆమెకు తెలిసిన అతి పెద్ద నీరు. అయినా ఆ గిన్నెలాంటి ఓడను ఒళ్లో పెట్టుకుంటే కాళ్ల కింద ఏదో మెల్లగా ఊగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరో చచ్చిపోయినందుకు కాదు, ఎవరో ఏదో అన్నందుకు కాదు. ఒక వస్తువు ఇంత బాగుండొచ్చని, అది తన ఒళ్లో ఉండొచ్చని కన్నీళ్లు వస్తాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత స్తంభాలు, చాపలు, తాళ్లు. బొగ్గు దుమ్ముకు తెల్లచాప ఒక్క పూటలో మబ్బు రంగుకు తిరిగేది, జమున మెత్తటి కుంచెతో రోజూ దులిపేది. చాపలు లేచాక రఘుపతి మాట మెల్లగా మారింది. ముందు "మా ఆమె ఏదో గెలుకుతున్నది" అనేవాడు. తర్వాత "మా ఇంట్ల ఓడ కడుతున్నం" అన్నాడు. దీపకు వీడియోకాల్ చేసి చూపించిన రోజు "సూడు బిడ్డా, ఎట్లున్నది!" అని ఓడ పక్కన నిలబడి తల ఎగరేశాడు. "డాడీ! సూపర్ డాడీ! ఎట్ల జేసినవ్?" అని అటు నుంచి పిల్ల కేకలు. రఘుపతి మీసం సవరించుకుని నవ్వాడే గాని జవాబు చెప్పలేదు. "అమ్మేది?" అని చివర్లో అడిగింది దీప.

"ఈడనే ఉన్న. ఫోను పట్టుకున్న" అంది జమున.

అంతటితో అయితే ఆమె ఊరుకునేదే. ఒకరోజు గనిలో రఘుపతితో పనిచేసే బుచ్చన్న ఓడను చూడడానికి వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, "గీ చెక్కను గింత గుండ్రంగ ఎట్ల వంచినవ్ అన్నా?" అని అడిగాడు. జమున చాయ్ కప్పులతో తలుపు దగ్గర ఉంది. రఘుపతి ఒక్క క్షణం తడబడి, ఆమె వైపు చూడకుండా, "ఏమున్నది, జర ఓపిక కావాలె. సుత్తెతోటి మెల్లమెల్లగ కొట్టుకుంట పోవాలె" అన్నాడు. చాయ్ కప్పు సాసర్ మీద చిన్నగా మోగింది. ఆ ఇంట్లో జమున చేతిలో ఏదైనా మోగడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే మొదలు. ఆమె కప్పు దించి, వంటింట్లోకి పోయి, గోడకు ఆనుకుని నిలబడింది. ఓడ నాది అని ఆయన అంటే ఓర్చుకునేదేమో గాని, ఆ సుత్తె మాట మాత్రం ఆమె ఓర్చుకోలేకపోయింది. తన వేళ్లు ఇన్ని నెలలు చూపిన నెమ్మదంతా ఒక్క మాటతో చెరిపేశాడు.

ఆ వారమే ఇంకో కబురు. గని మేనేజర్‌కు బదిలీ అయింది, ఆదివారం సాయంత్రం క్లబ్బులో వీడ్కోలు.

"సార్‌కు ఓడ ఇస్తనని అందరి ముందట చెప్పిన" అన్నాడు రఘుపతి అన్నం తింటూ.

జమున చేతిలో కూర గరిటె ఆగింది. "నన్నొక మాట అడుగలే."

"నిన్నడుగుడేంది? బిడ్డ పంపింది నాకేనాయె. ఇంట్లుంటె దుమ్ము పట్టుడే గదా."

"నేను జేసిన బావా అది."

"నువ్వు జేస్తె ఏంది, నేను జేస్తె ఏంది, ఒక్కిల్లే గదా! గింతదానికి ముఖం మాడ్చుకుంటరా? కావాల్నంటే ఇంకోటి తెప్పిస్త, చేస్కో."

సారవ్వ మంచం మీద నుంచి, "మొగోడు నలుగుట్ల మాటిచ్చిండు, పోనీ పిల్లా" అంది. తర్వాత ఏమనుకుందో, పెదవి కొరుక్కుని ఓడ వైపు చాలాసేపు చూసింది.

ఒక్కిల్లే అనే మాట చుట్టూ జమున ఆలోచన తిరుగుతూనే ఉంది. ఒక్కిల్లే. నిద్ర ఆయనది, చప్పుడు చెయ్యకపోవడం తనది. చెమట ఆయనది, ఆ చెమట బట్టలు తనవి. అవన్నీ పంచుకున్నప్పుడు ఎవరిది ఏదో ఇద్దరికీ స్పష్టంగా తెలుసు. ఓడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇల్లు ఒక్కటైపోయింది. ఇంకోటి చేసుకోమన్నాడు. ఇంకోటి చెయ్యగలదు, ఆ సంగతి ఇప్పుడు ఆమెకు తెలుసు. కానీ మొదటిసారి బద్ద వంగిన ఆ రోజు మళ్లీ రాదు. అది ఈ ఓడ ఒంట్లోనే ఉంది. దీన్ని ఇంకొకరి ఇంటి అద్దాల బీరువాలో, సుత్తెతో కొట్టిన ఓడగా ఊహించుకుని ఆమె కూర గిన్నె మీద మూత పెట్టేసింది.

ఆదివారం పొద్దున రఘుపతి నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. ఆ రోజు ప్లే డే, వారం సెలవు. రాత్రికి డ్యూటీ లేదు. పెద్ద అట్టపెట్టె, మెరిసే కాగితం తెచ్చి ఓడ పక్కన పెట్టాడు. "నాలుగింటికి లేపు. ప్యాక్ జేసి కొంచవోత" అని చెప్పి, తిని, పడుకున్నాడు.

జమున గిన్నెలు కడిగింది, తడిగుడ్డ మీదే. వెనక వరండా నుంచి పాత మంచం పట్టె తెచ్చి తుడిచింది. దాన్ని గోడకు బల్లలా ఆనించడానికి రెండు ఇనుప కోణాలు, మేకులు ముందు రోజే తెచ్చి పెట్టుకుంది. ముందు గదిలో, వాకిట్లోకి వచ్చిన వాళ్ల చూపు మొదట పడే గోడ మీద పెన్సిలుతో గీత గీసింది. ఆ గోడకు అవతలే రఘుపతి మంచం. ఈ రాత్రి ఆయన గనిలోకి దిగడు, ఎక్కడా తూలడు. రాత్రంతా పడుకోవచ్చు. అత్త చెప్పిన ఆ పాత భయాన్ని బయటికి తీసి ఒకసారి తడిమి చూసుకుని పక్కన పెట్టింది. రఘుపతి సుత్తె తీసుకుంది.

అప్పుడే ఓపెన్‌కాస్టులో పేలింది. ప్లే డే రఘుపతికే గాని దానికి కాదు. కిటికీలు వణికాయి, పటం ఒరిగింది, ఓడ తాళ్లు సన్నగా అదిరాయి. ఆ చాటున కొట్టేస్తే ఎవరికీ వినపడదు. చెయ్యి అలవాటు కొద్దీ లేచింది కూడా. జమున దాన్ని దించుకుంది. పేలుళ్లన్నీ అయిపోయేదాకా ఆగింది. అద్దాలు నిలిచాయి. లోపలి గదిలో గురక తాపీగా సాగుతోంది. లైనంతా సద్దుమణిగింది, ఎక్కడో కోడి ఒకటి గొణుగుతోంది. అప్పుడు మేకు గీత మీద పెట్టి ఒక్క దెబ్బ వేసింది.

ఆ చప్పుడుకు ముందు ఉలిక్కిపడింది ఆమే. గోడ పలికింది, ఇల్లు పలికింది, పక్క క్వార్టర్‌లో సర్వరీ బేగం కుట్టు మిషను ఆగిపోయింది. తన చేతిలో ఇంత చప్పుడుందా! అది భుజం దాకా పాకింది, ఛాతీలో మోగింది. భయం వేస్తుందనుకుంది గాని వేయలేదు. పండగనాడు తెల్లవారుజామున మొదటి డప్పు విన్నంత బాగుంది. రెండో దెబ్బ వేసింది. మూడోది. సున్నం రాలి కొంగు మీద పడింది.

ఆ గోడ పక్కనే మంచం మీద కునుకుతున్న సారవ్వ లేచి కూర్చుంది. అలవాటుగా వేలు పెదవుల మీదికి పోయింది. కోడలిని చూసింది, పట్టెను చూసింది, ఓడను చూసింది. ఎన్ని వేల మధ్యాహ్నాలు ఆమె కూడా ఈ ఇంట్లో వేళ్ల మీద నడిచిందో జమునకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. సారవ్వ వేలు దించింది. లేచి తన మంచాన్ని గోడ నుంచి ఇవతలికి, కాళ్లు నేల మీద బరబరా రాసుకునేట్టు లాగింది.

లోపల గురక తెగింది. "ఏందే ఆ చప్పుడు?"

జమున పళ్ల మధ్య పట్టుకున్న మేకు తీసి చేతిలోకి తీసుకుంది. తన గొంతు ఇంత నిండుగా ఉంటుందని ఆమెకు కూడా గుర్తులేదు.

"నా ఓడకు బల్ల కొడుతున్న బావా. ఇంకా మేకులున్నయి, నువ్వు పండుకో."